టవర్ల కింద బజారు ఎందుకు పుట్టడం లేదు?

క్లుప్తంగా: హైదరాబాద్‌లో 2006 నుంచి స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు (ఎఫ్‌ఎస్‌ఐ) లేదు. రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదిలే ఖాళీ కలిసి ఎత్తును తేలుస్తాయి. ఈ లెక్క పడమర వైపు టవర్లను లేపింది కానీ వాటి కింద షాపింగ్ వీధులను పుట్టించలేకపోయింది. పాత బజార్లలోని చిన్న స్థలాలకు పెరిగే దారి కూడా చూపలేదు. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో, ఇదే చిక్కుతో న్యూయార్క్, వాంకూవర్, సింగపూర్ ఏం చేశాయో, పాతబస్తీ మెట్రోతో ఏం మారవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

రాయదుర్గం నుంచి సుల్తాన్ బజార్ దాకా

రాయదుర్గంలో మెట్రో ఎక్కి, మధ్యలో రైళ్లు మారి సుల్తాన్ బజార్‌లో దిగితే ఒకే ఊళ్లో రెండు వేరు ప్రపంచాలు కనిపిస్తాయి. రాయదుర్గం చుట్టుపక్కల అద్దాల టవర్లు. ఒక గేటుకీ ఇంకో గేటుకీ మధ్య పొడవాటి ప్రహరీ. ఆ గోడ పక్కన నడిచే మనిషికి కొనడానికి ఏమీ ఉండదు, నిలబడి చూడటానికీ ఏమీ ఉండదు. సుల్తాన్ బజార్‌లో భవనాలు రెండు మూడు అంతస్తులే. కానీ నాలుగడుగులు వేస్తే ఒక షట్టర్ వస్తుంది. చీరలు, గాజులు, స్టీలు సామాన్లు, ఇంకాస్త ముందుకు కోఠి వైపు వెళ్తే పుస్తకాలు.

నగరం పెరుగుతున్నప్పుడు ఈ రెండూ కావాలి. టవర్లు లేకపోతే లక్షల ఉద్యోగాలకు చోటు దొరకదు. బజారు లేకపోతే ఆ ఉద్యోగాల చుట్టూ బతికే చిన్న వ్యాపారికి చోటు ఉండదు, జనం నడిచే వీధీ ఉండదు. ఈ రెండూ పక్కపక్కన ఎందుకు కుదరడం లేదన్న చర్చలో సాధారణంగా ఎత్తును తప్పు పడుతుంటారు. ముప్పై అంతస్తుల భవనం కిందా బజారు బతకగలదు, ఆరంతస్తుల భవనం కిందా చచ్చిపోగలదు. భవనం నేల మీద వీధిని ఎలా తాకుతోందన్నదే అసలు విషయం. ఆ తాకే తీరును నిర్ణయించేది బిల్డింగ్ రూల్స్‌లోని ఒక పట్టిక.

ఎత్తును తేల్చే లెక్క

ముంబై, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్ 2006 మార్చిలో వచ్చిన జీవో 86తో ఆ హద్దును వదిలేసింది. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో సొంత నిబంధనలు తెచ్చుకుంది. తెలంగాణలో సవరణలు జరుగుతూ వచ్చాయి, మూల సూత్రం మాత్రం అదే.

సూత్రం ఇది: ఎత్తు పెరిగే కొద్దీ ముందున్న రోడ్డు వెడల్పుగా ఉండాలి, భవనం చుట్టూ నాలుగు వైపులా వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) పెరగాలి. 2012 నాటి పట్టికలో 18 మీటర్లు దాటితే హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. 50 నుంచి 55 మీటర్ల ఎత్తు కావాలంటే 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 16 మీటర్ల సెట్‌బ్యాక్ అవసరం. ఆపైన ప్రతి 5 మీటర్ల ఎత్తుకూ సెట్‌బ్యాక్ మరో అర మీటరు పెరుగుతుంది.

చదివితే సబబుగానే అనిపిస్తుంది. నేల మీద గీసి చూస్తే తేడా తెలుస్తుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు దాదాపు 63.6 మీటర్లు. రెండు వైపులా 16 మీటర్ల చొప్పున తీసేస్తే మిగిలేది 31.6 మీటర్లు. అంటే ఎకరంలో నాలుగో వంతు మీదే భవనం లేస్తుంది, మూడు వంతులు ఖాళీ. 2,000 చదరపు మీటర్ల స్థలం 40 మీటర్లు, 50 మీటర్ల కొలతలతో ఉంటే భవనానికి మిగిలేది 8 మీటర్లు, 18 మీటర్ల చిన్న ముక్క. అందులో లిఫ్టులు, మెట్లు పోతే ఏమీ మిగలదు. కాగితం మీద 2,000 చదరపు మీటర్లు చాలన్నా, అసలు టవర్ ఎకరాల్లోనే పుడుతుంది.

పక్కపక్కన రెండు టవర్లు ఉంటే వాటి మధ్య 32 మీటర్ల ఖాళీ, దాని మధ్యలో ప్రహరీ. మూడు మీటర్ల ముఖమున్న మల్గీలు (వీధి వైపు తెరుచుకునే చిన్న కొట్లు) అనుకుంటే ఆ ఖాళీలో పది షాపులు పడతాయి. రోడ్డు వైపు కూడా అంతే. ఫుట్‌పాత్‌కూ భవనం తలుపుకూ మధ్య 16 మీటర్ల దూరం ఉన్నప్పుడు అక్కడ షాపు పెట్టినా దారిన పోయేవారి కంట పడదు. చిన్న షాపుకు కంట పడటమే సగం బేరం.

టవర్ కింద వెడల్పాటి పీఠంలా కొన్ని అంతస్తులు, అంటే పోడియం, కట్టే వీలు ఉంది, కడుతున్నారు కూడా. అయితే నగరం కింద గట్టి గ్రానైటు. లోతైన సెల్లార్లు తవ్వడం ఖర్చుతోనూ పేలుళ్లతోనూ కూడిన పని కాబట్టి పోడియం అంతస్తుల్లో ఎక్కువ భాగం కార్లకే పోతుంది. షాపులు ఉండాల్సిన మొదటి నాలుగైదు అంతస్తులు వీధికి జాలీ గోడలా కనిపిస్తాయి.

ఆ ఖాళీ ఊరికే అడగలేదు

సెట్‌బ్యాక్‌లను తీసేస్తే సరిపోతుందన్న వాదన తొందరపాటు. ఆ ఖాళీలో ఫైరింజన్ తిరగాలి, మనుషులను దించాలి. అగ్నిప్రమాదాల విషయంలో ఈ నగరానికి చేదు అనుభవాలు ఉన్నాయి. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో జరిగిన ప్రమాదం 17 మందిని బలి తీసుకుంది. రెండో భవనం టవర్ కాదు. కింద షాపులు, పైన ఇల్లు ఉన్న పాత తరహా కట్టడం, లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి.

కాబట్టి పొట్టి భవనాల బజారు తనంతట తానే భద్రం అనుకోవడానికి లేదు. గోడకు గోడ ఆనుకున్న వరుసలో రెండో మెట్ల దారి, మధ్య గోడల్లో మంటలు దాటని కట్టుబడి, వెనక సందు, వీధిలో నీటి కనెక్షన్ ఉండాలి. సెట్‌బ్యాక్ చేసే పనిని వేరే పద్ధతుల్లో చేయించవచ్చు. కానీ ఎవరో ఒకరు చేయించాలి. సెట్‌బ్యాక్‌ను టేపు పెట్టి కొలవవచ్చు, తనిఖీ సులువు. మంట దాటని గోడను ఏటా చూసి రావాలంటే సిబ్బంది కావాలి. మునిసిపాలిటీలు ఖాళీ స్థలం నిబంధననే పట్టుకుని ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

మల్గీకి మూసుకుపోయిన దారి

ఇక పాత బజారు వైపు. వంద గజాల స్థలంలో మల్గీ ఉన్న యజమాని ముందు మూడు దారులు ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు ఉంచి అద్దె తీసుకోవడం మొదటిది. పాత కిరాయిదారులు పగిడి (ముందే ఇచ్చే పెద్ద మొత్తం) కట్టి తరాలుగా ఉన్న చోట ఆ అద్దె భూమి విలువతో పోలిస్తే నామమాత్రం, అందుకే మరమ్మతులకు చెయ్యి రాదు. రెండోది పడగొట్టి కొత్తగా కట్టడం. అలా కడితే ముందు ఖాళీ వదలాలి, పార్కింగ్ చూపాలి, రోడ్డు వెడల్పు ప్లాన్‌లో ఉంటే కొంత స్థలం ఇచ్చేయాలి. పాత ఇరుకు ప్రాంతాలకు కొన్ని సడలింపులు ఉన్నా, కొత్తగా కట్టాక ఉన్న షాపు కంటే చిన్న షాపు మిగలడం మామూలే. ఇక్కడే అనధికార అంతస్తులు పుడతాయి. ప్లాన్ లేకుండా పైన ఒకటి వేసేయడం యజమానికి లెక్క ప్రకారం లాభం, భద్రత ప్రకారం ప్రమాదం.

మూడోది అమ్ముకోవడం. పక్క పక్క స్థలాలను కలిపి కొనేవాడు వస్తే వంద గజాలకు ఉన్నట్టుండి కొత్త విలువ వస్తుంది. కలిపితేనే ఎత్తు వస్తుంది కాబట్టి. ఇరవై మల్గీలు పోయి అక్కడ ఒక కాంప్లెక్స్ లేస్తుంది. దాని ముందు భాగాన్ని ఒక పెద్ద షోరూమో బ్యాంకో తీసుకుంటుంది. వీధిలో ఇరవై తలుపులున్న చోట రెండు మిగులుతాయి. బజారు ఒక్కరోజులో చావదు, ఇలా తలుపు తర్వాత తలుపు పోతూ పలచబడుతుంది. గాజులు కొనడానికి వచ్చినామె పక్క కొట్టులో జాకెట్ ముక్క చూడటం, ఆ పక్కన లేసు కొనడం బజారు గిరాకీకి మూలం. మధ్యలో నలభై మీటర్ల అద్దం గోడ వస్తే ఆమె అక్కడే వెనక్కి తిరుగుతుంది.

టవర్లోని వేలమంది ఎటు పోతున్నారు?

టవర్ పక్కన ఉంటే బజారుకు గిరాకీ రావాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. సైబర్ టవర్స్ 1998లో మొదలైనప్పటి నుంచి హైటెక్ సిటీ ప్రాంతానికి వచ్చిన ఉద్యోగాలతో పోలిస్తే, అక్కడ నడిచి తిరిగే షాపింగ్ వీధులు చాలా తక్కువ. క్యాబ్ నేరుగా గేటు లోపలికి వెళ్తుంది. కారు సెల్లార్‌లోకి, అక్కడి నుంచి లిఫ్టులోకి. భోజనం లోపలి ఫుడ్ కోర్టులో. పొద్దున వచ్చి రాత్రి వెళ్లే మనిషి కాలు వీధిని తాకదు.

అయినా కోరిక మాత్రం ఉంది. గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ ఎదురుగా రోడ్డు వెంట పుట్టిన తిండి వీధి దానికి సాక్ష్యం. ప్లాన్‌లో ఎవరూ గీయని బజారు అది. ఆఫీసు క్యాంపస్ తన అంచున షాపులకు చోటు ఇవ్వలేదు కాబట్టి బండ్లు, చిన్న హోటళ్లు ఎదుటి వైపు చేరాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, వెండింగ్ జోన్లు గుర్తించి చోటు చూపించాలి. అయితే కొత్త ప్రాంతాల్లో రోడ్లు గీసినప్పుడే వాళ్లకు చోటు వదలకపోతే, తర్వాత జరిగేదంతా ఫుట్‌పాత్ ఎవరిదన్న గొడవే. నడిచేవారికీ బండివారికీ మధ్య పెట్టిన ఆ తగవు నిజానికి ప్రహరీ లోపల వాడుకలో లేని 16 మీటర్ల పచ్చిక గురించి జరగాలి.

ఇదే చిక్కు, మూడు నగరాలు

న్యూయార్క్ ఈ తప్పును ముందే చేసి చూసింది. 1915లో 38 అంతస్తుల ఈక్విటబుల్ భవనం రోడ్డు అంచున నిట్టనిలువుగా లేచి వీధిని చీకటి చేసిందన్న ఆందోళనతో 1916లో నిబంధన వచ్చింది. భవనం కింద వీధి అంచు దాకా ఉండవచ్చు, పైకి వెళ్లే కొద్దీ మెట్లు మెట్లుగా వెనక్కి జరగాలి. కింద షాపులు నిలిచాయి, పైన వెలుతురు వచ్చింది. 1961లో దాన్ని మార్చి, ముందు ప్లాజా వదిలితే అదనపు విస్తీర్ణం ఇస్తామన్నారు. టవర్లు వెనక్కి జరిగాయి, ఖాళీ ప్లాజాలు వచ్చాయి, వీధి వరుస తెగిపోయింది. పదేళ్లకే, 1971లో ఐదో అవెన్యూకు ప్రత్యేక జోన్ పెట్టి, కింది అంతస్తుల్లో షాపులు ఉండి తీరాలని రాసుకోవాల్సి వచ్చింది. అక్కడ బెంగ బ్యాంకుల గురించి, విమానయాన సంస్థల ఆఫీసుల గురించి. షాపుల కంటే ఎక్కువ అద్దె ఇచ్చి అవి వీధిని మింగేస్తున్నాయి.

వాంకూవర్ డౌన్‌టౌన్‌లో సన్నని టవర్ల పద్ధతి పట్టుకున్నారు. ఒక్కో అంతస్తు దాదాపు 600 చదరపు మీటర్లు, టవర్‌కూ టవర్‌కూ మధ్య 24 మీటర్లు, కింద మాత్రం వీధి అంచు వెంట పొట్టి పోడియం. మన దగ్గర 50 మీటర్లు దాటిన టవర్ల మధ్య అంతకంటే ఎక్కువే, 32 మీటర్లు, అడుగుతున్నారు. అసలు తేడా వేరే: వాళ్లు ఆ దూరాన్ని పైన కొలుస్తారు, మనం నేల మీద కొలుస్తాం. అలాగని అక్కడి నియమాలన్నీ తెచ్చుకోకూడదు. చలి దేశంలో ఫుట్‌పాత్ మీద ఎండ పడటం వరం. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో నీడే వరం. ఇరుకు వీధి, దగ్గర దగ్గర భవనాలు, ముందుకు చాచిన చూరు ఇచ్చే నీడను వెనక్కి జరిగిన టవర్ ఇవ్వలేదు.

సింగపూర్ దారి మరొకటి. 1822లో స్టాంఫర్డ్ రాఫెల్స్ ఇచ్చిన ప్రణాళికలో ప్రతి ఇంటి ముందూ కప్పు ఉన్న నడక దారి ఉండాలన్నారు. ఆ షాప్‌హౌస్ వరుసలను 1989లో పెద్ద ఎత్తున సంరక్షణ కిందికి తెచ్చారు. చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపాంగ్ గ్లామ్ అలా నిలిచినవే. బోట్ కీ దగ్గర రెండు మూడంతస్తుల షాప్‌హౌస్‌ల వెనకే రాఫెల్స్ ప్లేస్‌లో 280 మీటర్ల టవర్లు నిలబడి ఉంటాయి. నగరం గీత గీసి, ఇటు పెరగాలి, అటు పెరగకూడదు అని ముందే చెప్పింది. ఐతే భవనం మిగిలినంత మాత్రాన వ్యాపారం మిగలలేదు. బోట్ కీలో సరుకు పడవల కాలం పోయి రెస్టారెంట్లు, బార్లు వచ్చాయి. పేరుకు అదే వీధి, అద్దె కట్టగలిగే వ్యాపారం వేరు. లాడ్ బజార్ గోడలను కాపాడి గాజుల మల్గీని కాపాడలేకపోతే అక్కడా ఇదే జరుగుతుంది.

పత్తర్‌గట్టి ఎలా కట్టారు?

వీధిని ఒకే కట్టడంగా చూసే అలవాటు ఈ నగరానికి కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినార్‌కు వెళ్లే దారిలో పత్తర్‌గట్టి ఆ బోర్డు పనితనమే. రోడ్డు వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమానులతో ఒకే ఎత్తు వరుస కట్టారు. కింద మల్గీలు, పైన నివాసాలు, కమానుల కింద నీడలో నడక. యజమానులు వేరైనా ముఖం ఒకటే.

ఇప్పటి నిబంధన ప్లాటును చూస్తుంది. ఒక్కో స్థలం తన నాలుగు వైపుల ఖాళీ తాను చూపితే అనుమతి వస్తుంది. పత్తర్‌గట్టి లెక్కలో ముందు వీధి గీత, తర్వాత ప్లాటు. అసలు తేడా ఇక్కడే ఉంది. ఒక వీధిని బజారు వీధిగా గుర్తించి, దాని అంచున మొదటి రెండు మూడంతస్తులు గోడకు గోడ ఆనుకుని రోడ్డు గీత మీదే ఉండాలని, అంతకు మించిన ఎత్తు వెనక భాగంలోనే లేవాలని రాస్తే టవర్, మల్గీ ఒకే స్థలంలో ఉండగలవు. ఫైరింజన్ దారి వెనక సందులోంచి రావాలి. అది ప్లాటు ప్లాటుకూ విడిగా సాధ్యం కాదు, వీధి మొత్తానికి కలిపి గీస్తేనే కుదురుతుంది.

అమ్ముడుపోని హక్కు

పొట్టిగానే ఉండిపోయిన యజమానికి పరిహారం ఇచ్చేందుకు ప్రపంచంలో చాలాచోట్ల వాడే పనిముట్టు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు). తన స్థలంలో కట్టని విస్తీర్ణాన్ని వేరే చోట కట్టుకునేవాడికి అమ్ముకోవడం. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టడాన్ని ఆపడం సరైనదేనని 1978లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ హక్కును బదిలీ చేసుకునే వీలు ఉండటాన్నీ లెక్కలోకి తీసుకుంది.

ఈ పనిముట్టు హైదరాబాద్‌లో సహజంగానే బలహీనం. ఎఫ్‌ఎస్‌ఐ హద్దు లేని చోట అదనపు విస్తీర్ణం ఎవరు కొంటారు? టీడీఆర్‌కు విలువ తేవడానికి అదనపు అంతస్తు, సెట్‌బ్యాక్‌లో సడలింపు లాంటివి దానికి ముడిపెట్టాల్సి వచ్చింది. పైగా అది ప్రధానంగా రోడ్డు కోసం స్థలం వదిలినవారికి అందుతోంది. వారసత్వ జాబితాలో లేని మామూలు మల్గీని అలాగే ఉంచినవారికి దక్కేది లేదు. బజారును పగలగొడితే విలువ వస్తుంది, నిలబెడితే రాదు. యజమాని ఎటు మొగ్గుతాడన్నది చెప్పనక్కర్లేదు.

వేలంలో తేలిపోయే బజారు

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత ధర పెట్టినవారు టవర్ కట్టక తప్పదు. ఐతే ధర కంటే ముందు గమనించాల్సింది ప్లాట్ల సైజు. ఒక్కోటి ఎకరాల్లో ఉంది. ఆ లేఅవుట్‌లో వంద, రెండు వందల గజాల వాణిజ్య ప్లాట్ల వరుస ఒకటైనా ఉంటే అక్కడ మందుల షాపు, కర్రీ పాయింట్, టైలర్, మొబైల్ రిపేర్ తమంతట తాము వచ్చేవి. ఎకరాల ప్లాటులో అవి రావాలంటే బిల్డర్ మాల్ కట్టాలి, మాల్ అద్దె టైలర్ కట్టలేడు. లేఅవుట్ గీసిన రోజే బజారు సంగతి తేలిపోతుంది.

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్కా ఉదాహరణ. అటు ఏలూరు రోడ్డు, ఇటు బందరు రోడ్డు, మధ్యలో చిన్న చిన్న స్థలాల వీధి. బందరు రోడ్డు మీద పెద్ద షోరూములు లేచినా, బీసెంట్ రోడ్డు జనం తగ్గలేదు. చిన్న స్థలాలు కలవకుండా ఉన్నంత కాలం చిన్న వ్యాపారానికి చోటు ఉంటుంది.

పాతబస్తీ మెట్రో: 100 అడుగుల ప్రశ్న

సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. చివరికి అదే దారిలో జేబీఎస్–ఎంజీబీఎస్ రైలు 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్ల మార్గం కోసం రోడ్డును 100 అడుగులకు వెడల్పు చేస్తున్నారు.

100 అడుగులంటే 30 మీటర్లు పైనే. పైన చెప్పిన పట్టికలో అత్యంత ఎత్తైన భవనాలకు అడిగే రోడ్డు వెడల్పు సరిగ్గా అదే. అంటే మెట్రో కోసం చేసిన పని, ఎవరూ ఉద్దేశించకపోయినా, ఎత్తు తలుపుకున్న ఒక తాళం తీస్తుంది. మిగతా తాళాలు ఉన్నాయి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రణలో ఉంటుంది. ఆ పరిధి దాటాక మిగిలే షరతుల్లో స్థలం సైజు ఒకటి. స్థలాలు కలిపి కొనేవారికి అది అడ్డం కాదు.

రోడ్డు వెడల్పు చేశాక చాలా ఆస్తులు ముందు భాగం కోల్పోయి కొన్ని మీటర్ల లోతున్న ముక్కలుగా మిగులుతాయి. ఆ ముక్కల్లో ఇప్పటి నిబంధన ప్రకారం ముందూ పక్కలా ఖాళీ వదిలి కట్టడానికి ఏమీ మిగలదు. పక్కవాడికి అమ్ముకోవాలి, లేదా అనుమతి లేకుండా రేకుల షెడ్డు వేసుకోవాలి. వాటినే ఒకే వరుసగా, గోడకు గోడ ఆనించి, ముందు కమానుల నడక దారితో, వెనక ఫైరింజన్ సందుతో కట్టుకోనిస్తే వంద అడుగుల రోడ్డుకు రెండు వైపులా మల్గీల వరుస నిలబడుతుంది, దిగే మెట్రో ప్రయాణికుడు నేరుగా దాని ముందుకే వస్తాడు. స్టేషన్ల స్తంభాలు లేచేలోపే ఆ గీత కాగితం మీదికి రావాలి. అమ్మకాలు మొదలయ్యాక విడి విడి ముక్కలను మళ్లీ ఒక వరుసలోకి తేవడం ఎవరి వల్లా కాదు.